నీటిని కొలవకుండా చేపపిల్లలను లెక్కపెట్టాను: తూపిలిపాళెం వల డైరీ

ఈ పని మళ్ళీ ఎవరైనా చేస్తే, నేను పోగొట్టుకున్న నాలుగు నెలలు వాళ్ళకు మిగలాలని రాస్తున్నాను. ఉండేది తిరుపతిలో. పని కాలేజీలో జంతుశాస్త్రం చెప్పడం. సెలవు దొరికేది ఆదివారాలే. వల వేసిన చోటు వాకాడు మండలం తూపిలిపాళెం తీరం, దానికి దగ్గరలో స్వర్ణముఖి సముద్రంలో కలిసే చోటు. ఇంటి నుంచి వంద కిలోమీటర్ల పైచిలుకు. పులికాట్ సరస్సు కూడా అందుబాటులోనే ఉంది గానీ అది పక్షుల అభయారణ్యం. అనుమతి లేకుండా అక్కడ వల ముంచకూడదు. తూపిలిపాళెంలో కూడా ముందు ఊరి పెద్దలతో మాట్లాడుకున్నాకే నీళ్ళలో దిగాను.

తేల్చుకోవాలనుకున్న ప్రశ్న ఒక్కటే. గుడ్డులోంచి అప్పుడే బయటపడిన చేప లార్వాలు సముద్రంలో ఎక్కడ ఉంటాయి, అక్కడే ఎందుకుంటాయి? అయిదారు మిల్లీమీటర్ల ప్రాణి ప్రవాహానికి ఎదురీదలేదు. కాబట్టి దాని అడ్రసు నీటి అడ్రసే. ఈ వాక్యం క్లాసులో పదేళ్ళు చెప్పాను. అర్థమైంది మాత్రం నాలుగో ప్రయాణంలో.

దశ 1: దోమతెర వల (అక్టోబరు 2023)

40 సెం.మీ. వ్యాసం గల ఇనుప వలయం వెల్డింగ్ చేయించాను. దానికి దోమతెర గుడ్డతో మీటరు పొడవు సంచి కుట్టించాను. అక్టోబరు 1న పది నిమిషాలు లాగితే దొరికినవి 3 లార్వాలు, రెండు రొయ్య పిల్లలు, ఒక షాంపూ ప్యాకెట్టు.

సముద్రం ఖాళీగా ఉందని రాసేసుకున్నాను. బోటు నడిపే అన్న నవ్వాడు. "సార్, ఇందులోంచి నెత్తళ్ళ పిల్లలు దారాల్లా జారిపోతాయి. మీరు పట్టింది నీళ్ళు."

అక్టోబరు 15న వల తోక చివర బయటివైపు నా పాత తెల్ల పంచె మడిచి కట్టాను. వల తోకకు కట్టిన సీసాలో మళ్ళీ మూడే, పంచెలో 41. దోమతెర కన్నం కొలిస్తే 1.2 మి.మీ. వచ్చింది. నెత్తళ్ళ లార్వా ఎనిమిది మిల్లీమీటర్ల పొడవున్నా నడుము మిల్లీమీటరు కూడా ఉండదు. నీటి ఒత్తిడికి నిలువుగా తిరిగి కన్నంలోంచి దూరిపోతుంది. వలలో ఏది ఆగుతుందో తేల్చేది దాని నడుము. నేను పొడవు చూసి గుడ్డ కొన్నాను. మొదటి ప్రయాణంలో దొరికిన మూడింటిని లెక్కలోంచి కొట్టేశాను.

ఇంకో పొరపాటు. వలను బోటు వెనక నేరుగా లాగాను. ఇంజను రెక్క చిమ్మే నీళ్ళలో పడి సగం లార్వాలు తల ఒకచోట, తోక ఒకచోట అయ్యాయి. ఆ తర్వాత వెదురు బొంగు అడ్డంగా కట్టి, వల పక్కకు వచ్చేలా లాగుతున్నాం.

ఇప్పటిదాకా: ప్రయాణాలు 2, లెక్కకొచ్చిన లార్వాలు 44, ఖర్చు రూ. 6,210 (వలయం 420, గుడ్డ 180, కుట్టు 150, తాడు 260, మిగతాది పెట్రోలు, బోటు).

దశ 2: నీళ్ళను బయటికి నెట్టే వల (నవంబరు మొదటి వారం)

సన్న కన్నపు గుడ్డ కోసం ఊరంతా తిరగక్కర్లేదు. స్క్రీన్ ప్రింటింగ్ సామాను అమ్మే దుకాణంలో నైలాన్ గుడ్డ మీటర్లలో దొరుకుతుంది, నేను కొన్నప్పుడు మీటరు రూ. 380. దుకాణంవాళ్ళు చెప్పే నంబరును నమ్మకండి. కాలేజీ సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే సెంటీమీటరుకు 18 దారాలు, కన్నం సుమారు 355 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో మూడో వంతు. నాకు సరిపోతుంది.

మీటరు పొడవు సంచే మళ్ళీ కుట్టించి నవంబరు 5న వేస్తే 17 లార్వాలే వచ్చాయి. పంచె కట్టి చూశాను, పంచె ఖాళీ. అంటే జారిపోవడం లేదు, అసలు లోపలికే రావడం లేదు. మా తమ్ముడి కొడుకు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు, ఆ రోజు వెంట వచ్చాడు. బోటు అంచు మీద వంగి చూస్తూ పిలిచాడు. "పెదనాన్నా, ఆ ఆకును చూడు." సరుగుడు ఆకు ఒకటి వల నోటిదాకా వచ్చి, ముందర ఏదో అడ్డున్నట్టు ఆగి, వలయం పక్క నుంచి తప్పుకుని వెళ్ళిపోయింది. తర్వాత వచ్చిన నురుగు ముద్దా అంతే. నిండిన బిందెను నోరు ముందుకు పెట్టి లాగినట్టు, వల ముందున్న నీళ్ళను నెట్టుకుంటూ పోతోంది.

లెక్క ఇంటికొచ్చాక వేశాను. ముందు వేయాల్సింది.

1. వల నోటి వైశాల్యం 0.126 చ.మీ.
2. ఈ గుడ్డలో కన్నాల వాటా 41 శాతం. మిగతాదంతా దారమే.
3. మీటరు పొడవు సంచి గుడ్డ వైశాల్యం 0.80 చ.మీ. అందులో కన్నాలు 0.33.
4. కన్నాల వైశాల్యం నోటికి 2.6 రెట్లే.

లార్వా వలలకు కనీసం మూడు రెట్లుండాలి. పచ్చటి తీరపు నీళ్ళలో అయిదు రెట్లుంటే మేలు, ఎందుకంటే రెండు నిమిషాలకే నాచు, జిగురు పట్టి సగం కన్నాలు మూసుకుపోతాయి. సంచి పొడవు రెండు మీటర్లు చేస్తే 5.2 రెట్లు వస్తుంది. నోరు అంతే, తోక పొడుగు.

గుడ్డ కోత ఇలా:

1. రెండు పలకలు కావాలి. ఒక్కొక్కటి పైన 66, కింద 20.5 సెం.మీ., పొడవు 2 మీటర్లు. కుట్టుకు 3 సెం.మీ. ఇందులోనే ఉంది.
2. ఒకదాని తల పక్కన రెండోదాని తోక వచ్చేలా పరిస్తే మీటరు వెడల్పు గుడ్డ రెండున్నర మీటర్లు చాలు.
3. కుట్టు అంచులు బయటికి రావాలి. లోపలికి పెడితే లార్వాలు మడతలో ఇరుక్కుని అక్కడే ఎండిపోతాయి.
4. నూలు దారం వద్దు. ఉప్పునీటికి ఉబ్బి, రెండో వారానికి చీకిపోయింది. నైలాన్ దారమే వాడాలి.
5. తోకకు 110 మి.మీ. పీవీసీ గొట్టం ముక్క, మూత. మూతలో కిటికీ కోసి అదే గుడ్డ అతికించాలి.

చీరలకు ఫాల్ కుట్టే దర్జీ ఈ పని చేశాడు. ఇంత పెద్ద కాఫీ వడపోత సంచి ఎవరికని అడిగాడు. సముద్రానికని చెప్పాను. కుట్టుకూలి వంద ఎక్కువ తీసుకున్నాడు.

ఇప్పటిదాకా: ప్రయాణాలు 3, లార్వాలు 61, ఖర్చు రూ. 11,030.

దశ 3: నీటి లెక్క (నవంబరు 19 నుంచి)

ఈ డైరీలో ఏదైనా ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే, ఇది చదవండి.

లార్వాల సంఖ్యకు విడిగా అర్థం లేదు. ఎన్ని ఘనపు మీటర్ల నీళ్ళు వడకడితే అన్ని వచ్చాయో తెలియాలి. నీటి పరిమాణం అంటే వల నోటి వైశాల్యాన్ని లాగిన దూరంతో గుణించడం. దూరానికి ఫోనులో జీపీఎస్ ఉందిగా అనుకున్నాను.

నవంబరు 19న ఒకే చోట రెండుసార్లు లాగాం. ఇంజను వేగం మార్చలేదు, చెరో పది నిమిషాలు. మొదట ఉత్తరానికి, తర్వాత దక్షిణానికి. మా వాడికి మధ్యాహ్నం రెండు గంటలకు ప్రపంచకప్ ఫైనల్ మొదలయ్యేలోపు టీవీ ముందు ఉండాలి, కాబట్టి ఆ రోజు పని చాలా క్రమశిక్షణతో జరిగింది. మ్యాచ్ ఏమైందో అందరికీ తెలిసిందే, దాని గురించి రాయను.

ఉత్తరానికి లాగినప్పుడు ఫోను చూపిన దూరం 480 మీటర్లు, లార్వాలు 52. దక్షిణానికి 780 మీటర్లు, లార్వాలు 49. ఘనపు మీటర్ల లెక్కన, ప్రతి వందకు మొదటిదానిలో 86, రెండోదానిలో 50. "ఉత్తరంవైపు లార్వాలు అధికం" అని నోట్సులో రాసి కింద గీత కూడా గీశాను.

మూడు రోజుల తర్వాత, తిరుమల బైపాస్‌లో సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా తట్టింది. ఇంజను ఒకటే, వేగం ఒకటే, సమయం ఒకటే. మరి మూడు వందల మీటర్ల తేడా ఎక్కడిది? జీపీఎస్‌కు తెలిసేది నేల మీద దూరం. వలకు తెలిసేది నీటిలో దూరం. కింద నీరే దక్షిణానికి నడుస్తుంటే, ఎదురు వెళ్ళినప్పుడు నేల మీద తక్కువ, దానితోపాటు వెళ్ళినప్పుడు ఎక్కువ చూపిస్తుంది. రెంటి సగటు 630 మీటర్లు. వల నిజంగా నీటిలో తిరిగిన దూరం అదే, రెండుసార్లూ. ఆ లెక్కన వంద ఘనపు మీటర్లకు 66, 62. ఉత్తరమూ లేదు, అధికమూ లేదు.

తప్పు నుంచి ఇంకొకటి బయటపడింది. పది నిమిషాల్లో 300 మీటర్ల తేడా అంటే, అందులో సగం ప్రవాహం వాటా. అంటే సెకనుకు పావు మీటరు వేగంతో తీరపు నీరు దక్షిణానికి పోతోంది. బంగాళాఖాతం పశ్చిమ అంచున నడిచే తూర్పు తీర ప్రవాహం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణ ముఖంగా, ఫిబ్రవరి నుంచి వేసవిలోకి ఉత్తర ముఖంగా ఉంటుంది. పాఠ్యపుస్తకంలో బాణం గుర్తుగా చూసినదాన్ని అనుకోకుండా వలతో కొలిచాను.

సెకనుకు పావు మీటరు వినడానికి ఏమీ కాదు. రోజుకు దాదాపు 22 కిలోమీటర్లు. అంత నేరుగా ఏ లార్వా కొట్టుకుపోదు, తీరం దగ్గర సుడులు తిప్పుతాయి, లోతు మారితే వేగం మారుతుంది. అయినా వారం వయసున్న లార్వా నా వలలో పడిందంటే దాని తల్లి గుడ్లు పెట్టిన చోటు ఇది కాదు, ఉత్తరాన ఎక్కడో. ఇక్కడ పుట్టినవి ఈపాటికి పులికాట్ ముఖద్వారం దాటి ఉండొచ్చు.

జీపీఎస్ వదిలేసి ప్రవాహమాపకం చేసుకున్నాం. కొనే స్తోమత లేదు. ఇలా చేశాం:

1. పాడైన కంప్యూటర్ ఫ్యాను, 12 సెం.మీ. తీగచుట్ట పీకేసి రెక్కలు మాత్రం ఉంచాలి.
2. ఒక రెక్కకు చిన్న అయస్కాంతం. చట్రానికి సైకిల్ స్పీడోమీటరు సెన్సరు.
3. స్పీడోమీటరులో చక్రం చుట్టుకొలత 1,000 మి.మీ. అని పెట్టాలి. అప్పుడు తెర మీద 0.01 కి.మీ. అంటే పది చుట్లు.
4. మీటరును పారదర్శకమైన గాలి చొరని డబ్బాలో పెట్టి, తీగ వెళ్ళే కన్నాన్ని ఎం-సీల్‌తో మూసి వలయానికే కట్టాలి. ఫ్యాను వలయం నడిమధ్యకు కాకుండా, మధ్యకూ అంచుకూ నడుమ ఉండాలి.

ఈతకొలనులో 25 మీటర్ల బారులో నాలుగు దాట్లు నడుస్తూ లాగి సరిచూశాం. వంద మీటర్లకు 810 చుట్లు. వారం తర్వాత మళ్ళీ చూస్తే 680. తడిగా డబ్బాలో పెట్టేసిన ఉక్కు బేరింగు తుప్పు పట్టింది. అది తీసి నైలాన్ బుష్, స్టెయిన్‌లెస్ ఇరుసు పెడితే 750 దగ్గర నిలిచింది, తర్వాత రెండు నెలలకు చూసినా 750. అంటే ఒక చుట్టుకు 13.3 సెం.మీ. దూరం, వలలోంచి సుమారు 16.75 లీటర్ల నీరు. ఈ అంకె బోటు పక్కన మార్కరుతో రాసి పెట్టాను. బోటు అన్న దాన్ని ఎవరో బాకీ అనుకున్నాడు.

ఇప్పటిదాకా: ప్రయాణాలు 4, లార్వాలు 162, ఖర్చు రూ. 14,600.

దశ 4: ఎవరి నీళ్ళు? (నవంబరు 26 – డిసెంబరు 17)

ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరు ఈ ప్రాంతంలో రొయ్యల చెరువున్న ప్రతి ఇంట్లో ఉంటుంది. మొదట ఒకరి దగ్గర అడిగి తెచ్చుకున్నాను, తర్వాత కొన్నాను. ఎండలో బోటు పలక మీద పెట్టి వాడితే శుద్ధజలానికే 2 చూపించింది. నీడలో పది నిమిషాలు ఉంచి, శుద్ధజలంతో సున్నాకు తిప్పి, అప్పుడు సముద్రపు చుక్క వేయాలి.

నవంబరు 26న తీరానికి మూడు కిలోమీటర్ల లోపల ఉప్పదనం లీటరుకు 27 గ్రాముల లెక్కన వచ్చింది. సముద్రమంటే 33, 34 ఉండాలి. స్వర్ణముఖి నీళ్ళు కలిశాయి కాబోలు అని రాసుకున్నాను. ఆ సాయంత్రమే తిరుచానూరు దాటి వంతెన మీంచి చూస్తే నది సన్నగా, ఇసుక మధ్య వెతుక్కోవాల్సినట్టు పారుతోంది. ఆ ధార మూడు కిలోమీటర్ల దూరం సముద్రాన్ని తియ్యగా చేస్తుందా?

చేసింది మన నది కాదు. వానకాలంలో గంగా బ్రహ్మపుత్రలు, మహానది, గోదావరి, కృష్ణ పోసిన నీళ్ళను అదే తీర ప్రవాహం అంచు వెంట దక్షిణానికి మోసుకొస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య మన ఊళ్ళో చినుకు పడకపోయినా తీరం పలుచబడుతుంది. మూతకు తాడు కట్టిన సీసాను ఏడు మీటర్ల లోతుకు దించి, తాడు లాగి మూత తీసి నింపుకొస్తే అక్కడ 31. పైన తేలిక నీరు, కింద బరువు నీరు, రెండు పొరలు.

పొరలు లార్వాకు అన్నం విషయం. గుడ్డు సొన అయిపోయాక ఒకటి రెండు రోజుల్లో తిండి నోటికి అందకపోతే అది బతకదు. చేపలు బాగా దొరికే ఏడూ దొరకని ఏడూ ఈ తొలి ఆకలి రోజుల్లోనే తేలుతాయని 1914లోనే నార్వే శాస్త్రవేత్త యోహాన్ యోర్ట్ అన్నాడు. 1970లలో రూబెన్ లాస్కర్ కాలిఫోర్నియా తీరంలో ఇంకో మెట్టు దిగి చూశాడు. సముద్రం నెమ్మదిగా ఉన్నన్నాళ్ళు సూక్ష్మజీవులు ఒక పొరలో చిక్కగా పేరుకుంటాయి, నెత్తళ్ళ లార్వాలకు ఆ చిక్కదనమే కావాలి. ఒక్క తుపాను గాలి ఆ పొరను కలిపేస్తే తిండి మొత్తం అంతే ఉన్నా పలుచనైపోయి నోటికి అందదు. మజ్జిగలో వెన్న ముద్దగా తేలుతున్నప్పుడు తీయగలం గానీ, పాలలో కలిసిపోయి ఉన్నప్పుడు తీయలేం కదా.

దీన్ని పరీక్షించాలని డిసెంబరు 3కు బోటు మాట్లాడాను. మిగ్‌జాం తుపాను నా కంటే ముందు వచ్చింది. 5న బాపట్ల దగ్గర తీరం దాటేదాకా నాయుడుపేట, గూడూరు వైపంతా నీళ్ళే. పరీక్ష పోయింది, కానీ స్వర్ణముఖికి నిజంగా వరద వచ్చింది.

డిసెంబరు 10 ఉదయం ముఖద్వారం బయట సముద్రం రెండు రంగుల్లో ఉంది. ఇవతల టీ రంగు, అవతల పాచి రంగు. రెంటి మధ్య వంకర టింకరగా ఒక నురుగు గీత, రెండు మూడు మీటర్ల వెడల్పు. అందులో గుర్రపుడెక్క, కొబ్బరి డొక్కలు, చెప్పులు, థర్మాకోల్. మధ్యలో ఒక పూజ కొబ్బరికాయ, పసుపు ఇంకా పోలేదు. పైన రెండు వరసల కొంగలు.

"అక్కడ వేయండి సార్," అన్నాడు బోటు అన్న.

"వల చిరిగిపోతుందన్నా. చెత్తే కదా అది."

"చెత్త చేరినచోట చేరనిది ఏముంటుంది?"

మూడుసార్లు వేశాం:

నది వైపు: ఉప్పదనం 9. పది నిమిషాలు, 4,500 చుట్లు, 75.4 ఘ.మీ., 11 లార్వాలు. వందకు 15.
నురుగు గీత వెంట: మూడు నిమిషాలకే వల బరువెక్కి ఆపేశాం. 1,350 చుట్లు, 22.6 ఘ.మీ., 88 లార్వాలు. వందకు 389.
సముద్రం వైపు: ఉప్పదనం 25. పది నిమిషాలు, 4,600 చుట్లు, 77.1 ఘ.మీ., 32 లార్వాలు. వందకు 42.

తేలిక నది నీరు బరువు సముద్రపు నీటిని ఆనినచోట రెండువైపుల నుంచీ పై నీరు గీత దగ్గరకు వచ్చి కిందికి దిగుతుంది. తేలేదీ, పైనే ఉండాలని ఈదేదీ దిగకుండా అక్కడే మిగిలిపోతుంది. థర్మాకోల్ తేలడం వల్ల, లార్వా తన లోతు తాను పట్టుకుని ఉండటం వల్ల. తిండీ అక్కడే చేరుతుంది. తినేవాళ్ళూ అక్కడే చేరతారు. ఆ వలలోనే గుప్పెడు దువ్వెన జెల్లీలు (లార్వాలను తినే గాజులాంటి మెత్తటి జీవులు) వచ్చాయి, ఒకదాని కడుపులో రెండు లార్వాల కళ్ళు నల్ల చుక్కల్లా కనిపించాయి. కాబట్టి 389ని చూసి అది లార్వాల పుట్టిల్లు అనుకోనక్కర్లేదు. సంత అనుకోవచ్చు.

నా తప్పు: మూడింటినీ ఒకే వరసలో 6:10, 7:40, 9:00కు వేశాను. వెలుతురు పెరిగేకొద్దీ లార్వాలు లోతుకు దిగుతాయి, వలను చూసి తప్పుకుంటాయి కూడా. డిసెంబరు 17న వరస తిరగేసి సముద్రం వైపు నుంచి మొదలుపెట్టాను. గీత అప్పటికి పలుచబడింది. గీత మీద వందకు 95, సముద్రం వైపు 33. తేడా తగ్గింది గానీ దిశ మారలేదు.

ఇప్పటిదాకా: ప్రయాణాలు 7, లార్వాలు 422, ఖర్చు రూ. 24,140.

దశ 5: సీసాల్లో పోయినవి (జనవరి 2024)

పండగ సెలవుల్లో సీసాలు తెరిస్తే నవంబరు 26 నాటి రెండింటిలో ఒకటి కుళ్ళిపోయింది. జెల్లీలతో సీసా నిండా కుక్కాను, ఫార్మలిన్ చాలలేదు. పై మొత్తంలో ఆ ప్రయాణానికి రెండో సీసాలోని 74 మాత్రమే ఉన్నాయి. సరుకు సీసాలో పావు వంతు మించకూడదు. ఫార్మలిన్ ఒక పాలుకు సముద్రపు నీరు తొమ్మిది పాళ్ళు. ఫార్మలిన్‌లో ముందే వెలిగారం, అడుగున కొంచెం కరగకుండా మిగిలేంత కలిపి ఉంచాలి. లేకపోతే ఆమ్లం లార్వాల చెవిలోని సున్నపు రాళ్ళను తినేస్తుంది. సీసాలు కిటికీలో పెట్టకండి, ఎండకు నల్ల చుక్కలు వెలిసిపోతాయి. గుర్తుపట్టడానికి ఉన్న ఆధారాల్లో ఆ చుక్కలు ముఖ్యమైనవి. గాలి ఆడే గదిలో, చేతి తొడుగులతో చేయాలి. వంటింటి సింకులో ఒకసారి చేశాను. రెండోసారి చేయనివ్వలేదు.

గుర్తింపులోనూ దెబ్బ తిన్నాను. సన్నగా, పొడుగు పేగుతో ఉన్నవన్నీ నెత్తళ్ళని రాశాను. వెన్ను రెక్క వెనక భాగానికి సరిగ్గా కిందే తోకవైపు కింది రెక్క మొదలైతే నెత్తళ్ళ జాతి. అది బాగా వెనక్కి జరిగి రెంటి మధ్య ఖాళీ ఉంటే కవళ్ళ (సార్డీన్ల) జాతి. తిరిగి చూస్తే నా "నెత్తళ్ళ"లో ముప్ఫై ఒకటి కవళ్ళు. అప్పటినుంచి జాతి పేరు పెన్సిలుతో రాస్తున్నాను.

ఖర్చు రూ. 24,780కి చేరింది.

దశ 6: ప్రవాహం తిరిగింది, చంద్రుడు కుదిరాడు (ఫిబ్రవరి – మార్చి)

ఫిబ్రవరి 11న నవంబరు ప్రయోగమే మళ్ళీ, ఈసారి రెక్క మీటరుతో. ఉత్తరానికి ఫోనులో 740 మీటర్లు, దక్షిణానికి 500. మీటరులో 4,650, 4,640 చుట్లు, అంటే రెండుసార్లూ 620 మీటర్లు. జీపీఎస్ సగటు కూడా 620. ఆ రోజు బోటులో మా వాడు నేను కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు, రెండు అంకెలనూ మార్చి మార్చి చూస్తూ కూర్చున్నాం. ప్రవాహం ఇప్పుడు సెకనుకు 20 సెం.మీ. వేగంతో ఉత్తరానికి పోతోంది. ఉప్పదనం 33. నవంబరులో ఉత్తరం నుంచి వచ్చిన లార్వాలు ఇప్పుడు చెన్నై వైపు నుంచి వస్తున్నాయన్నమాట. వందకు 44, 37.

మార్చి 9 రాత్రి, 10 అమావాస్య. ముఖద్వారంలో వలను రెండు గుంజలకు కట్టి, నీటికి ఎదురుగా నిలిపాం. లాగే పని లేదు, నీరే వస్తుంది. అమావాస్యకు ఈ తీరంలో పోటు ఉదయం, రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో నిండుతుంది, కాబట్టి తెల్లవారుజామున ఒక పోటు, మధ్యాహ్నం ఒక పోటు. నాలుగు విడతలు, గంట చొప్పున. వంద ఘనపు మీటర్లకు:

రాత్రి పాటు (నీరు బయటికి పోయేటప్పుడు) 12. రాత్రి పోటు 61. పగటి పాటు 6. పగటి పోటు 17.

లోపలికి వచ్చే నీటిలో ఉన్నన్ని బయటికి పోయే నీటిలో లేవు. ఈదే బలం లేని లార్వాలు చాలా జాతుల్లో చేసే పని ఇదే. పోటు వచ్చినప్పుడు పైకి లేచి దానితో లోపలికి వస్తాయి, పాటు మొదలయ్యాక అడుగుకు దిగి, నీరు నెమ్మదిగా ఉండే చోట ఆగిపోతాయి. బస్సెక్కి దిగినట్టు. ఒక్క రాత్రి లెక్కతో ఇంతకు మించి చెప్పను. పైగా పగటి పాటులో నీరు సెకనుకు 23 సెం.మీ. మాత్రమే. సెకనుకు 20 కంటే తగ్గితే నా రెక్క తిరగడం మానేస్తుంది, కాబట్టి ఆ 6 మీద నమ్మకం తక్కువ. ఎండ్రకాయ ఒకటి తోక దగ్గర రెండు కన్నాలు పెట్టింది, అది ఎప్పుడు పెట్టిందో కూడా తెలియదు. గుంజకు కట్టే వలకు తోక చుట్టూ గట్టి దోమతెర తొడగాలి. మొదటి వల అలా పనికొచ్చింది.

తెల్లవారి నాలుగున్నరకు టార్చి వెలుగులో తొట్టెలోంచి ప్లాస్టిక్ కవరు పీలిక ఒకటి వేళ్ళతో తీసి బయట పారేయబోయాను. వేలు పొడవుంది, ఆకులా పలుచన, వెనకనున్న నా గోరు దానిలోంచి కనిపిస్తోంది. అది మెలి తిరిగింది. అప్పుడు కనిపించాయి, ఒక చివర సూది మొనంత రెండు కళ్ళు, రెండో చివర చీలిన తోక. లెప్టోసెఫాలస్. పాము చేపల లార్వాలూ ఇలాగే ఉంటాయి గానీ వాటి తోక చీలదు. చీలిన తోక ఉన్నది వాటి దూరపు బంధువుల పిల్ల. పుస్తకంలో బొమ్మ గీయించిన ప్రతిసారీ పిల్లలు ఇది చేపెలా అవుతుంది సార్ అని అడిగేవారు. ఫార్మలిన్‌లో వేయలేదు. నీళ్ళలోకే వదిలాను, లెక్కలో మాత్రం ఉంది.

ఇప్పటిదాకా: ప్రయాణాలు 9, లార్వాలు 616.

దశ 7: మూసుకున్న నోరు (మే)

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, ఇంజను బోట్లు కదలవు. మే 26న తెడ్ల పడవలో ముఖద్వారానికి వెళ్తే ముఖద్వారమే లేదు. అలలు తెచ్చిన ఇసుక నడుము ఎత్తున మేట వేసి నదినీ సముద్రాన్నీ విడదీసింది. ఇవతల నిలవ నీరు, ఉప్పదనం 41, వేడి 34 డిగ్రీలు. అవతల 34. లోపల వల వేస్తే 4 లార్వాలు, నాలుగూ బురదలో బతికే ఇసకదొందుల రకం, ఇక్కడే పుట్టినవి. మేటకు అవతలివైపు, అలలు విరిగేచోట, దోసిలితో నీళ్ళు ఎత్తి చూస్తే గాజు సూదుల్లాంటి పిల్లలు రెండు నల్ల కళ్ళతో అటూ ఇటూ ఈదుతున్నాయి. పాలబొంత చేపవి (మిల్క్ ఫిష్) అయి ఉండాలి. వాటికీ లోపలి నీటికీ మధ్య ఇరవై అడుగుల ఇసుక.

"వాన పడితే తెగుతుంది," అన్నాడు బోటు అన్న. "లేకపోతే మేమే పారలతో తెగ్గొడతాం."

"ఎప్పుడు?"

"పంచాయతీలో ఎవరు ముందు పలుగు పట్టాలో తేలాక."

తెగిన రోజున మొదటి పోటుకే వల గుంజకు ఉండాలి. ఫోను చేయమని చెప్పి వచ్చాను. ఈలోగా చేయాల్సినవి: ఎండ్రకాయ కన్నాలకు మాసిక (అయింది, రూ. 150), తక్కువ వేగానికీ తిరిగే తేలిక రెక్క (మా వాడు పెరుగు డబ్బా మూత కోసి ప్రయత్నిస్తున్నాడు, వంద మీటర్లకు ఒకసారి 900, ఒకసారి 1,040, ఇంకా కుదరలేదు), డబ్బా మూతకు కొత్త రబ్బరు.

మొత్తం: ప్రయాణాలు 10, లార్వాలు 620, పాడైన సీసాలు 1, కుట్టిన వలలు 3, ఖర్చు రూ. 31,030. వల మిద్దె మీద వడియాల పక్కన ఆరుతోంది.